డేగలు చూడ్డానికి వెళ్తున్న మనవలకు

చిన్నీ, బాబీ,

వచ్చే శనివారం మిమ్మల్ని పెన్సిల్వేనియాలోని హాక్ మౌంటెన్‌కి తీసుకెళ్తున్నానని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. సెప్టెంబరు మధ్యలో వెళ్లడం మంచిదైంది. బ్రాడ్ వింగ్డ్ హాక్ అనే డేగలు గుంపులు గుంపులుగా దక్షిణ అమెరికా వైపు మళ్లేది ఇప్పుడే. గోల్డెన్ ఈగిల్ కావాలంటే మాత్రం నవంబరులో మళ్లీ రావాలి.

వెళ్లగానే బైనాక్యులర్లు కళ్లకు పెట్టేసుకోకండి. ముందు గాలి ఎటు నుంచి వస్తోందో చూడండి. వాయవ్యం గాలి కిట్టాటిన్నీ కొండల వరసకు అడ్డంగా తగిలి, వేరే దారి లేక పైకి లేస్తుంది. డేగలు రెక్కలు చాచి ఆ గాలి మీద తేలిపోతాయి. ఎండ కాసి నేల వేడెక్కితే, పైకి లేచే వేడిగాలిలో గిరగిరా తిరుగుతూ ఎత్తుకెక్కి, అక్కణ్నుంచి జారుకుంటూ పోయి ఇంకో వేడిగాలిని పట్టుకుంటాయి. అస్తమానం రెక్కలాడిస్తే ఒంట్లో కొవ్వు కరిగిపోతుంది. అంతదూరం పోవాల్సిన పిట్ట అలా చెయ్యదు.

ఉత్త నీలాకాశంలో పిట్ట కంటికి ఆనదు, మబ్బుల అంచులు వెతకండి. బ్రాడ్ వింగ్డ్ అయితే రెక్క కింద తెలుపు, అంచున నల్లగీత, తోక మీద వెడల్పాటి నలుపు తెలుపు పట్టీలు. కొండ మీద నార్త్ లుకౌట్ అనే రాళ్ల చోట కర్రకు గుడ్లగూబ బొమ్మ కడతారు. డేగలకు గుడ్లగూబంటే పడదు, తన్నడానికి మీ నెత్తిమీంచే దూసుకొస్తాయి!

ఒకప్పుడు ఆ రాళ్ల మీద తుపాకులతో కూర్చునేవాళ్లు. కోళ్లనూ వేటపిట్టలనూ తినేస్తాయని డేగలంటే కోపం. అందులో గాస్‌హాక్ అనే రకం డేగను చంపి తెస్తే 1929 నుంచి ప్రభుత్వమే 5 డాలర్లిచ్చేది. చాలామంది మాత్రం సరదాకే కాల్చారు, నాకు ఒళ్లు మండేది అందుకే. 1934లో రోజలీ ఎడ్జ్ అనే ఆవిడ ఆ కొండను లీజుకు తీసుకుని, మారిస్ బ్రౌన్‌ను కాపలా పెట్టింది. ఆయన వేటగాళ్లను ఆపుతూనే, వెళ్లే పిట్టల్ని లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. ఆ లెక్కల్లో బాల్డ్ ఈగిల్ పిల్లలు తగ్గిపోవడాన్ని రేచెల్ కార్సన్ అనే రచయిత్రి 1962లో డీడీటీ అనే పురుగుమందుకు వ్యతిరేకంగా సాక్ష్యంగా చూపించింది. పదేళ్లకు అమెరికాలో డీడీటీని నిషేధించారు.

ఇప్పటికీ అక్కడ లెక్కపెట్టేవాళ్లు కూర్చుని ఉంటారు. సిగ్గుపడకుండా పక్కన చేరండి, ఎటు చూడాలో వాళ్లే చెప్తారు. కింద పరుచుకోవడానికి మెత్తటిదేదైనా, స్వెటర్లూ తీసుకెళ్లండి. పైన చలిగాలి.

మీ తాతయ్య