ట్యాంకులో పగడాల రంగు ఎందుకు పోతుంది? అపోహలు - వాస్తవాలు

మే నెల వచ్చిందంటే నాకు వచ్చే ఫోన్లన్నీ ఒకటే రకం. "అన్నా, పగడం రంగు పోయింది, ఏం మందు వేయాలి?" విజయవాడ, గుంటూరుల్లో ఇళ్లలోనూ క్లినిక్కుల్లోనూ ఉప్పునీటి ట్యాంకులు చూసుకోవడం నా పని. నేను తిరిగి అడిగేది ఒక్కటే: పోయి ఏ రంగుకి వచ్చింది? తెల్లబడిందా, గోధుమ రంగుకి తిరిగిందా, కండ ఊడి ఎముక బయటపడిందా? ఈ మూడూ వేర్వేరు సమస్యలు. అది తేల్చుకోకుండా సీసా మూత తీస్తే ఉన్నదీ పోతుంది.

అపోహ: పగడం మొక్కలాంటిది. ఎండ తగలకపోతే పాలిపోతుంది.

వాస్తవం: పగడం జంతువు. పలచటి కండ, దాని కింద కాల్షియం కార్బొనేట్‌తో కట్టుకున్న తెల్లటి ఎముక. కండలోపల జూజాంథెల్లే అనే సూక్ష్మమైన నాచు కాపురం ఉంటుంది. దాని రంగు గోధుమ. వెలుతురుతో ఆహారం తయారుచేసి పగడానికి పెట్టేది అదే. పగడానికి కావలసిన శక్తిలో 90 శాతం దాకా దాని నుంచే రావచ్చు. మనం డబ్బు పోసి కొనే ఊదా, పచ్చ, గులాబీ రంగులు మాత్రం పగడం సొంతంగా తయారుచేసుకునే ప్రొటీన్లు. నాచు బయటికి పోతే లోపలి ఎముక కనిపించి తెల్లబడుతుంది, దాన్నే బ్లీచింగ్ అంటాం. నాచు మరీ పెరిగితే సొంత రంగులు దాని వెనక దాక్కుంటాయి. వెలుతురు చాలకపోతే సాధారణంగా జరిగేది ఈ రెండోదే. అంటే పాలిపోదు, గోధుమ రంగుకి తిరుగుతుంది.

అపోహ: నీళ్లు ఎంత శుభ్రంగా ఉంటే పగడానికి అంత మంచిది.

వాస్తవం: శ్రద్ధ ఎక్కువున్నవాళ్లే ఇందులో పడతారు. "సార్, నీళ్లు అద్దంలా ఉన్నాయి, నైట్రేట్ సున్నా, ఫాస్ఫేట్ సున్నా, అయినా తెల్లబడుతోంది" అంటారు. అయినా కాదు, అందుకే తెల్లబడుతోంది. పెద్ద స్కిమ్మర్ (నీళ్లలోని మురికిని నురుగుగా తీసేసే పరికరం), ఫాస్ఫేట్ లాగేసే మీడియా, చేపలేమో రెండే, వాటికి వేసే మేత చిటికెడు. నైట్రేట్, ఫాస్ఫేట్‌లే నాచుకు ఎరువు. అవి లేకపోతే లోపలి నాచుకు తిండెక్కడిది? సముద్రంలో పగడపు దిబ్బల దగ్గర కూడా నీళ్లలో నైట్రేట్ చాలా తక్కువే, కాని అక్కడ ప్లాంక్టన్, అంటే నీళ్లలో తేలే సూక్ష్మజీవులు, నిరంతరం కొట్టుకొస్తూ ఉంటుంది. మన అద్దాల పెట్టెలోకి అది రాదు. నైట్రేట్ 5 నుంచి 10 పీపీఎం (దాదాపు లీటరుకు అన్ని మిల్లీగ్రాములు), ఫాస్ఫేట్ 0.03 నుంచి 0.1 మధ్య ఉంటే నాకు టెన్షన్ లేదు. నైట్రేట్ ఉండి ఫాస్ఫేట్ పూర్తిగా పడిపోవడం మరీ చెడ్డది. అలాంటి పగడం కాస్త వేడికే బ్లీచ్ అవుతుంది. ఇక రెండూ చాలా ఎక్కువైతే గోధుమ రంగు. అప్పుడు చేయాల్సింది నీళ్లు మార్చడం, మేత తగ్గించడం. టెస్ట్ కిట్ లేకుండా ఈ రెండింట్లో ఏదీ మొదలుపెట్టకండి.

అపోహ: ట్యాంకు మీద ఫ్యాన్ తిరుగుతోంది, వేసవికి ఇబ్బంది లేదు.

వాస్తవం: ఫ్యాన్ గాలికి నీరు ఆవిరై రెండు మూడు డిగ్రీలు తగ్గే మాట నిజమే. పడమటి గాలి పొడిగా వీచే రోజుల్లో బాగానే పనిచేస్తుంది. ఉక్కపోత మొదలైతే ఆవిరి తగ్గుతుంది, దాంతో ఫ్యాన్ చేతులెత్తేస్తుంది. ట్యాంకు 25, 26 డిగ్రీల దగ్గర ఉండాలి. బయట 45 ఉన్న రోజు మధ్యాహ్నం కరెంటు పోతే గదితోపాటు నీళ్లూ కాగుతాయి. సముద్రంలోనే మామూలు వేసవి గరిష్ఠం కన్నా ఒక్క డిగ్రీ ఎక్కువై కొన్ని వారాలు నిలబడితే దిబ్బలకు దిబ్బలే తెల్లబడుతున్నాయి. లక్షద్వీప్‌లో 1998, 2010, 2016లలో జరిగింది అదే. అందుకే బెజవాడలో పగడాలు పెంచాలంటే ముందు చిల్లర్ (నీళ్లు చల్లబరిచే యంత్రం) కొనండి, లైటు సంగతి తర్వాత చూద్దాం అంటాను.

చాలామందికి తెలియనిది ఇంకోటి: వేడి ఒక్కటే కాదు, వేడిలో పడే వెలుతురు కూడా చంపుతుంది. వేడెక్కిన నాచు ఆ వెలుతురును సర్దుకోలేక హానికరమైన ఆక్సిజన్ రూపాలను విడుదల చేస్తుంది. ఆ దెబ్బకే పగడం నాచును బయటికి తోసేస్తుంది. కాబట్టి నీళ్లు 29 దాటగానే ముందు లైటు తగ్గించండి. కరెంటు కోతకు ఇన్వర్టర్ మీద నీటి పంపు, లేదా కనీసం బ్యాటరీ ఎయిర్ పంపు ఉండాలి. ఫ్యాన్ వల్ల ఆవిరయ్యేది నీరే, ఉప్పు అందులోనే ఉండిపోతుంది. తగ్గిన నీటిని భర్తీ చేయడానికి (టాప్ అప్) ఉప్పు కలపని శుద్ధమైన నీళ్లే పోయాలి, ఉప్పునీళ్లు కాదు. సాంద్రత 1.025, 1.026 దగ్గరే ఉందో లేదో ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటర్‌తో చూసుకోండి.

అపోహ: వంటింట్లో ఆర్వో ఉంది కదా, ఆ నీళ్లు చాలు.

వాస్తవం: తాగే ఆర్వోల్లో రుచి కోసం కొంత పంపునీటిని తిరిగి కలిపే ఏర్పాటు ఉంటుంది. నీళ్లలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటర్ పెడితే 50, 80 అలా చూపిస్తుంది. మనకు కావలసింది సున్నా, దానికి ఆర్వో తర్వాత మిగిలిన లవణాలను పట్టేసే డీఐ రెసిన్ గొట్టం ఉండాలి. పైగా ఇప్పుడు రాగి కలిపే ప్యూరిఫయర్లు వస్తున్నాయి. మనిషికి మంచిదో కాదో నాకు అనవసరం, రొయ్యలకూ పగడాలకూ మాత్రం రాగి విషం. చేపల మచ్చల జబ్బుకి వాడే రాగి మందూ అంతే. చేపను వేరే ట్యాంకులోకి మార్చాకే వేయాలి.

అపోహ: సూర్యలంక దగ్గరే కదా, సముద్రపు నీళ్లే తెచ్చి పోద్దాం.

వాస్తవం: హంసలదీవి దగ్గర కృష్ణ కలిసే సముద్రం అది. ఒడ్డున ఒండ్రు, పొలాల నుంచి కొట్టుకొచ్చే ఎరువు, వానాకాలంలో ఉప్పదనం తగ్గడం. సముద్రపు నీళ్లు తయారుచేసుకునే సాల్ట్ మిక్స్ సంచీకి పెట్టే డబ్బు దగ్గర పిసినారితనం వద్దు.

అపోహ: లైటు పెంచితే రంగు తేలుతుంది.

వాస్తవం: సగం నిజం. సొంత రంగుల తయారీకి వెలుతురు కావాలి, కాని కొత్త ఎల్‌ఈడీ తెచ్చిన రోజే పూర్తిగా పెట్టేస్తే వారంలో తెల్లబడొచ్చు. సగానికన్నా తక్కువతో మొదలుపెట్టి కొన్ని వారాల మీద పెంచాలి. షాపులో నీలి లైటు కింద మెరిసిపోయిన పగడం మీ ఇంట్లో తెల్ల లైటు కింద మట్టిరంగులో కనిపిస్తే రంగు పోయినట్టు కాదు. కొనేటప్పుడే తెల్ల లైటు వేసి చూపించమనండి, మొహమాటపడొద్దు. బిల్లూ దిగుమతి కాగితాలూ కూడా అడగండి. దిబ్బలు కట్టే గట్టి పగడాలకు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉంది. మన సముద్రం నుంచి ఏరి తెచ్చినవి కొంటే కేసవుతుంది.

అపోహ: తెల్లబడితే చచ్చినట్టే, తీసి పారేయాలి.

వాస్తవం: దగ్గరగా చూడండి. ఎముక మీద పలచటి జిగురు పొర ఉండి, రాత్రిపూట చిన్న చిన్న చేతులు బయటికి చాస్తోందంటే బతికే ఉంది, ఆకలితో ఉంది. నీడ ఉన్న చోటికి మార్చి, వేడి సరిచేసి, సన్నటి మేత వారానికి రెండుసార్లు వేస్తే వారాలూ నెలల మీద నాచు మళ్లీ చేరుతుంది. అడుగు నుంచో కొసల నుంచో కండ ఊడి ఎముక తేలుతుంటే మాత్రం అది బ్లీచింగ్ కాదు. ఎక్కువసార్లు ఆల్కలినిటీ (నీటి క్షారగుణం) ఒక్కసారిగా ఎగిరో పడో ఉంటుంది. అక్కడ ఆగి చూడొద్దు. బాగున్న కొమ్మను కండ ఊడిన చోటికి అంగుళం దూరంలో కత్తిరించి, జెల్ సూపర్‌గ్లూతో వేరే రాయికి అంటించేయండి.