లోపల ఆగొద్దు: బీచ్‌రోడ్డు మ్యూజియంల నిబంధనల వెనుక కథ

సెలవులొచ్చాయంటే విశాఖ ఆర్కే బీచ్‌లో రెండు గొడవలు ఖాయం. ఒకటి పార్కింగ్ దగ్గర, రెండోది మ్యూజియం గేటు దగ్గర. ఫోన్ తీస్తే ఏం పోతుంది, బ్యాగు ఎందుకు వద్దు, డబ్బులిచ్చి టికెట్ కొన్నాక పది నిమిషాలు నిలబడి చూడనివ్వరా? ఈ మాటలు కొత్తవి కావు. మళ్లీ వేడెక్కాయి కాబట్టి, ఈ నిబంధనలు ఎక్కడి నుంచి వచ్చాయో ఒకసారి వెనక్కి వెళ్లి చూద్దాం.

పాకిస్థాన్ జలాంతర్గామి ఘాజీ కథ, 1971 యుద్ధం, తూర్పు నౌకాదళం ఇక్కడికి ఎలా వచ్చిందన్న సంగతులు విశాఖ వాళ్లకు నేను చెప్పక్కర్లేదు. ఆ భాగం వదిలేస్తున్నాను. నా లెక్కలో ఈ గొడవ మొత్తానికి మూలం 2002లో ఉంది. ఇంకా కచ్చితంగా చెప్పాలంటే, ఒక జలాంతర్గామి పక్కటెముకల్లో రెండు తలుపులు కోసిన రోజున ఉంది.

అంతకు ముందు విశాఖలో మ్యూజియం అంటే డచ్చి బంగళా. 1991 అక్టోబర్ 8న అప్పటి ముఖ్యమంత్రి నేదురుమల్లి జనార్దనరెడ్డి ప్రారంభించిన విశాఖ మ్యూజియం. కళింగాంధ్ర జమీందార్ల కత్తులు, నాణేలు, పాత పటాలు, 1942 ఏప్రిల్‌లో జపాన్ వాళ్లు నగరం మీద వేసిన బాంబు. అక్కడ ఎవరూ తొందరపెట్టరు. ఒక కత్తి దగ్గర అరగంట నిలబడ్డా అడిగేవాళ్లుండరు. మధ్యాహ్నం పూట వెళ్తే గదికి ఇద్దరు ముగ్గురుంటారు, పైన ఫ్యాను తిరుగుతుంటుంది. ఇలాంటి చోట నిబంధనల అవసరం కూడా తక్కువ. ముట్టుకోకు, అరవకు, అంతే.

ఆ పద్ధతి కురుసురతో మారిపోయింది.

ఐఎన్ఎస్ కురుసుర 1969 డిసెంబర్ 18న నౌకాదళంలో చేరింది. సోవియట్ రష్యాలో కట్టిన ఫాక్స్‌ట్రాట్ తరగతి డీజిల్ జలాంతర్గామి. మన దేశం మొదటి విడతగా కొన్న నాలుగింటిలో ఇది చివరిది. 31 ఏళ్లు పనిచేసి, 73,500 నాటికల్ మైళ్లు తిరిగి, 2001 ఫిబ్రవరిలో విశ్రాంతి తీసుకుంది. మామూలుగా అయితే ఇనుప తుక్కు కింద పోవాలి. పోకుండా ఒడ్డుకు లాగి ఇసుకలో నిలబెట్టారు. ఈ పనికి దాదాపు ఏడాదిన్నర పట్టింది. 2002 ఆగస్టు 9న అప్పటి ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు ప్రారంభిస్తే, అదే నెల 24 నుంచి జనాన్ని లోపలికి పంపడం మొదలుపెట్టారు. నిర్వహణ నగరాభివృద్ధి సంస్థ వుడా చేతికి వచ్చింది. వుడా 2018లో వీఎంఆర్‌డీఏ అయింది కానీ, ఆటోవాళ్ల దగ్గర నుంచి అధికారుల దాకా చాలామంది నోట్లో ఇప్పటికీ వుడాయే.

ఇప్పుడు ఆ ఇనుప గొట్టం లోపలికి ఒకసారి వెళ్దాం. పొడవు 91 మీటర్లు. బయట నుంచి చూస్తే ఎంత పెద్దదో అనిపిస్తుంది. లోపలికి అడుగు పెట్టాక తెలుస్తుంది, మనుషులకు మిగిలింది మధ్యలో ఒక సందు మాత్రమేనని. మిగతాదంతా టార్పెడోలు, పైపులు, చక్రాల్లాంటి వాల్వులు, డయళ్లు, ఇంజన్లు, మంచాలు. ఏడు గదులు. గదికీ గదికీ మధ్య గుండ్రటి ద్వారం. నీళ్లు ఒక గదిలోకి వస్తే పక్క గదిలోకి పోకుండా బిగించే ద్వారం అది. నడిచి వెళ్లడానికి కట్టింది కాదు. ముందు ఒక కాలు అవతల పెట్టాలి, తర్వాత నడుం వంచాలి, తల దించాలి, ఆ తర్వాత రెండో కాలు లాక్కోవాలి. ఈ వరస తప్పితే నుదురు ఇనుముకు తగులుతుంది. చీర కట్టుకున్న పెద్దావిడ ఒకరు కుచ్చిళ్లు ఒక చేత్తో ఎత్తిపట్టుకుని, రెండో చెయ్యి ఎక్కడ ఆనించాలో తెలియక పక్కనున్న వాల్వును పట్టుకోవడం నేను చూశాను. ఆమె వెనక ఆగిపోయిన వరసలో పదిహేను మంది. వాళ్ల వెనక ఏడుస్తున్న పసిపిల్ల.

దాదాపు 75 మంది నావికులు ఈ సందులో నెలల తరబడి బతికారు. వాళ్లకు శిక్షణ ఉంది. ఎవరు ఎటు వెళ్తున్నారో, ఎవరు పక్కకు ఒదగాలో ఒంట్లో ఇంకిపోయి ఉంటుంది. అలాంటి చోటికి సెలవు రోజున మురీ మిక్స్చర్ తిని, పిల్లల్ని చంకనేసుకుని వచ్చే కుటుంబాల్ని పంపాలంటే ఎలా? అసలు జలాంతర్గామిలోకి దిగే దారి పైన ఉంటుంది. నిలువు నిచ్చెన మీదుగా దిగాలి. జనంతో అది కుదిరే పని కాదు. అందుకని ఒంటికి పక్కగా తలుపులు కోశారు, మెట్లు కట్టారు. ఒక చివర ఎక్కి, మరో చివర దిగిపోవడం.

ఈ ఒక్క నిర్ణయంతో చూడటానికి వచ్చినవాడు క్యూలో మనిషి అయిపోయాడు. వెనక్కి తిరగడానికి లేదు. ముందున్నవాడు కదిలితేనే మనం కదలాలి. ఒక్కరు ఆగితే 91 మీటర్లూ ఆగిపోతుంది. బ్యాచ్‌ల వారీగా పంపడం, గైడు ముందు నడవడం, కదలండి కదలండి అని తొందరపెట్టడం, బ్యాగుల మీద సణుగుడు, అన్నీ ఇక్కడ పుట్టినవే. లెక్క వేసి చూడండి. నలభై మంది బ్యాచ్‌లో ఒక్కొక్కరు నీళ్ల పైకి చూసే పెరిస్కోప్ దగ్గర పదిహేను సెకన్లు ఆగి సెల్ఫీ తీసుకుంటే, ఒక్క ఆ చోటే పది నిమిషాలు. వెనక బ్యాచ్ ఎండలో మెట్ల మీద.

ఫోన్ మీద కోపం ఫొటో వల్ల వచ్చింది కాదని నేను అనేది అందుకే. ఫ్లాష్ వల్ల వస్తువులు పాడవుతాయన్న కారణం చాలాచోట్ల చెబుతారు. తాళపత్రాలు, పాత బట్టలు, నీటిరంగుల బొమ్మలకు వెలుతురు నిజంగానే శత్రువు. అలాంటి వాటిని 50 లక్స్‌కు మించని మసక వెలుగులో ఉంచాలని మ్యూజియం శాస్త్రం చెబుతుంది. ఆ నష్టం మెల్లగా పేరుకుంటుంది, మళ్లీ బాగుచేయలేం. కానీ సముద్రం లోపల టార్పెడోలు మోసిన ఉక్కుకు మన ఫోన్ ఫ్లాష్ వల్ల ఏమీ కాదు. కాబట్టి ఉక్కు ముందు ఫ్లాష్ కారణం చెబితే జనం నమ్మరు. అసలు కారణం ఆగడం. అది చెప్పరు.

2002లో ఈ తేడా ఎవరికీ పట్టలేదు, ఎందుకంటే అప్పుడు కెమెరా అంటే విడిగా ఒక వస్తువు. కుటుంబానికి ఒకటి, రీలుకు 36 ఫొటోలు. ఆచితూచి తీసేవాళ్లు. కెమెరా ఉన్నవాళ్లకు విడిగా ఒక టికెట్ పెట్టడం అప్పట్లో దేశమంతటా ఉన్న అలవాటే. ఇప్పుడు ప్రతి జేబులోనూ కెమెరా ఉంది. టికెట్ పద్ధతి పాత కాలందే, వచ్చే జనం మాత్రం మారిపోయారు.

మధ్యలో 2018 వచ్చింది. ఈ గొడవల్లో తప్పుగా వాడే వాదన దాని నుంచే వచ్చింది కాబట్టి కొంచెం ఆగి చెబుతాను. ఆ ఏడాది జూలై 12న ఢిల్లీలో పురావస్తు సర్వే సంస్థ కొత్త ప్రధాన కార్యాలయాన్ని ప్రారంభిస్తూ, ఉపగ్రహాలు ఆకాశం నుంచే అన్నీ చూస్తున్న కాలంలో ఫొటోలు తీయొద్దన్న బోర్డులెందుకని ప్రధాని నరేంద్ర మోదీ అడిగారు. వెంటనే కేంద్ర సాంస్కృతిక శాఖ రక్షిత కట్టడాల్లో ఫొటోలకు అనుమతిచ్చింది. అప్పుడు కూడా అజంతా గుహలు, లేహ్ ప్యాలెస్, తాజ్‌మహల్ సమాధి గది మినహాయింపుగానే ఉన్నాయి. గేటు దగ్గర ఎవరో ఒకరు ఇది గుర్తుచేస్తారు: ప్రధానే చెప్పారు కదా, మీరెవరు ఆపడానికి? ఆ ఆదేశం పురావస్తు సర్వే కాపాడే కట్టడాలకు. బీచ్‌రోడ్డులో జలాంతర్గామి ఆ జాబితాలోది కాదు, దాన్ని నడిపేది వీఎంఆర్‌డీఏ. డచ్చి బంగళాలో మ్యూజియం నగరపాలక సంస్థ జీవీఎంసీది. ఒకే రోడ్డు, రెండు యాజమాన్యాలు. ఒక గేటు దగ్గర సరే అన్నది ఇంకో గేటు దగ్గర కాదనడం అందుకే. నడిచి వచ్చే మనిషికి ఇదంతా ఎలా తెలుస్తుందని అడిగితే, తెలియదు. తెలియాల్సిన పనీ లేదు.

ఇక గైడుల సంగతి. కురుసురలో గైడులుగా పనిచేసేది నౌకాదళం నుంచి రిటైరైన వాళ్లు. ఆరుగురు గైడులు, ఒక క్యూరేటర్ అన్నది చాలాకాలంగా ఉన్న ఏర్పాటు. చాలామంది ఫిర్యాదుల్లో వీళ్లే దోషులు: గట్టిగా మాట్లాడతారని, తోలుతున్నట్టు తోలుతారని. నేను వాళ్ల వైపు నుంచి చూడమంటాను. నౌకాదళంలో బతికిన మనిషికి వాల్వు అనేది అలంకారం కాదు. తప్పు వాల్వు తిప్పితే లోపలున్న అందరూ పోతారన్న భయంతో ఏళ్లు గడిపిన చేతులవి. అలాంటి మనిషి ముందు కుర్రాడొకడు ఇత్తడి చక్రాన్ని బొంగరంలా తిప్పుతుంటే గొంతు లేవడంలో ఆశ్చర్యం లేదు. పైగా కురుసురకు ఇప్పటికీ డ్రెస్సింగ్ షిప్ గౌరవం ఉంది. పనిలో ఉన్న నౌకలకు మాత్రమే చేసే జెండాల అలంకరణ అది. గైడుల కళ్లకు అది తుక్కు కాదు, సెలవులో ఉన్న నౌక.

ముట్టుకోవద్దనడానికి ఇంకో కారణం కూడా వాళ్లు చెప్పరు, చెప్పేంత టైం ఉండదు. మన చెమటలో ఉప్పుంటుంది. రోజూ వచ్చేవాళ్లందరి వేళ్లూ ఒకే హ్యాండిల్ మీద పడితే లోహం మెల్లగా తినేసుకుపోతుంది. బయట నుంచి సముద్రపు గాలి ఎలాగూ ఉప్పే. విశాఖలో బాల్కనీ గ్రిల్స్ రెండేళ్లకోసారి పెయింట్ వేయించుకునే ఎవరినైనా అడగండి. అలాంటిది ఇసుకలో నిలబడ్డ ఓడకు లోపల నుంచి కూడా ఉప్పు ఎందుకు?

జనం వైపు న్యాయం లేదని కాదు. బోర్డు మీద వద్దు అని ఉంటుంది, ఎందుకో ఉండదు. నాకు ఎదురైంది చెబుతాను, ఏ గేటు దగ్గరో చెప్పను. మా అత్తగారి మందులు, నీళ్ల బాటిల్ ఉన్న బ్యాగు లోపలికి వద్దన్నారు. సరే, ఎక్కడ పెట్టాలి అంటే జవాబు లేదు. చివరికి ఇంటిల్లిపాదీ లోపలికి వెళ్తే నేను బ్యాగు పట్టుకుని గేటు పక్కన నిలబడ్డాను. నిబంధన తప్పని ఇప్పటికీ అనను. కానీ బ్యాగు వద్దన్నవాళ్లే బ్యాగు పెట్టుకునే చోటు కూడా చూపించాలి.

రోడ్డుకు అవతల టీయూ-142 వచ్చాక కొంత పాఠం నేర్చుకున్నారనిపిస్తుంది. అరక్కోణంలోని ఐఎన్ఎస్ రాజాళిలో 2017 మార్చి 29న సెలవు తీసుకున్న నిఘా విమానం అది. 29 ఏళ్లలో 30 వేల గంటలు ప్రమాదం లేకుండా ఎగిరింది. విడదీసి తెచ్చి, బీచ్‌రోడ్డులో మళ్లీ బిగించారు. అదే ఏడాది డిసెంబర్‌లో రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించారు. అక్కడ ఆడియో గైడ్ చెవికి పెట్టుకుని మన నడకలో మనం చూడొచ్చు. విమానం లోపల ఇరుకే, కానీ ఆ ఇరుకు కొద్దిసేపే. ఫొటో పిచ్చి ఉన్నవాళ్లకు 50 మీటర్ల రెక్కలు ఆరుబయట ఉన్నాయి. ఎంతసేపు నిలబడ్డా వెనకవాడికి ఇబ్బంది లేదు. అక్కడ గొడవలు తక్కువ వినిపించడానికి మనుషులు మంచివాళ్లు కావడం కారణం కాదు, చోటు ఉండటమే కారణం.

ఈ వారం కురుసురకు వెళ్లేవాళ్లకు నాకు తెలిసినంతలో చెప్పేది ఇది. మామూలు రోజుల్లో చాలా ఏళ్లుగా మధ్యాహ్నం నుంచే తెరుస్తున్నారు, కాబట్టి అరకు ప్యాకేజీ బస్సులు దిగకముందే, గేటు తెరిచిన మొదటి గంటలో వెళ్లండి. టికెట్ ధర, వేళలు మారుతుంటాయి, బయల్దేరే ముందు కనుక్కోండి. బ్యాగు కార్లోనో హోటల్లోనో వదిలేయండి. చెప్పులు జారనివి వేసుకోండి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు, నిండు గర్భిణులు, ఇరుకంటే ఊపిరాడని వాళ్లు ఆ గుండ్రటి ద్వారాలతో పోటీ పెట్టుకోకండి. రోడ్డుకు అవతల విమానం చుట్టూ తిరిగినా, యుద్ధ స్మారకం విక్టరీ ఎట్ సీ దగ్గర కూర్చున్నా పోయేదేం లేదు. పిల్లలుంటే మీకంటే ముందు వాళ్లను ద్వారం దాటించండి, వెనకైతే వాళ్లు వాల్వుల దగ్గర ఆగిపోతారు. ఫొటో అనుమతి ఆ రోజు ఏమిటో టికెట్ కౌంటర్లోనే అడగండి, లోపల గైడుతో కాదు. గైడు ఒకప్పుడు నావికులు ఎలా పడుకునేవాళ్లో చెబుతుంటే మాత్రం ఫోన్ జేబులో పెట్టి వినండి, ఆ మాటలు ఏ బోర్డు మీదా లేవు.

సోమవారం వెళ్లకండి. ఆ రోజు సెలవు.