సినిమా చూస్తే జైలా, గ్రూపులో పెడితే ఫర్వాలేదా? సైబర్ న్యాయవాది దగ్గరికి వచ్చే అపోహలు

నాంపల్లి కోర్టుల చుట్టూ తిరుగుతూ సైబర్ కేసులు వాదించే వాళ్లందరికీ తెలిసిన విడ్డూరం ఒకటుంది. భయపడనక్కర్లేని మనిషి వణికిపోతూ వస్తాడు. భయపడాల్సిన మనిషి ధీమాగా వచ్చి కూర్చుంటాడు. మొదటివాడు పైరసీ సైటులో సినిమా చూశాడు. రెండోవాడు అదే సినిమాను టెలిగ్రామ్ చానల్లో పెట్టి, "నేను పైసా తీసుకోలేదు మేడమ్, ఊరికే పంచాను" అంటాడు. ఈ ఇద్దరి భయాలూ తారుమారైతే మా పని సగం తగ్గుతుంది.

అపోహ: పైరసీ సైటులో సినిమా చూస్తే మూడేళ్ల జైలు, మూడు లక్షల జరిమానా

ఈ భయం ఎక్కడ పుట్టిందో చెప్పవచ్చు. 2016 ఆగస్టులో, కోర్టు ఉత్తర్వులతో మూసేసిన సైట్లు తెరిస్తే ఒక హెచ్చరిక పేజీ వచ్చేది. అందులోని సమాచారం చూసినా, దించుకున్నా, నకలు తీసినా నేరమనీ, మూడేళ్ల దాకా జైలు, మూడు లక్షల దాకా జరిమానా పడుతుందనీ దానిపై రాసి ఉండేది. దేశమంతా గగ్గోలు పుట్టింది. అదే నెలలో బాంబే హైకోర్టు న్యాయమూర్తి గౌతమ్ పటేల్ ఆ మాటను తప్పుపట్టారు. అక్రమ ప్రతిని చూడటం దానికదే నేరం కాదని, అనుమతి లేకుండా పంచడం, బహిరంగంగా ప్రదర్శించడం, అమ్మడం, అద్దెకివ్వడం వంటివే నేరమని స్పష్టం చేశారు. 1957 నాటి కాపీరైట్ చట్టంలో 63వ సెక్షన్ శిక్ష 6 నెలల నుంచి 3 ఏళ్లు, జరిమానా 50 వేల నుంచి 2 లక్షలు. అది హక్కును ఉల్లంఘించిన వాడికి. గదిలో కూర్చుని తెర చూసిన వాడి కోసం రాసింది కాదు.

దించుకోవడం కాస్త వేరు. అక్కడ ఒక ప్రతి తయారవుతుంది కాబట్టి హక్కుదారు సివిల్ దావాకు వెళ్లే అవకాశం ఉంది. టోరెంట్, అంటే వాడేవాళ్లే ఒకరికొకరు ఫైలు ముక్కలు పంచుకునే పద్ధతి, అయితే పూర్తిగా వేరు. మీరు సినిమా దించుకుంటున్నంతసేపూ మీ దగ్గరికి వచ్చిన ముక్కలను మీ కంప్యూటరే ఇతరులకు పంపుతూ ఉంటుంది. "నేను చూడటానికే దించాను" అనే వాదన అక్కడ నిలబడదు. మీ ఐపీ చిరునామా (ఇంటర్నెట్‌లో మీ కనెక్షన్‌ను గుర్తించే సంఖ్య) ఆ గుంపులో ఉన్న ప్రతివారికీ కనిపిస్తుంది కూడా.

మరి చూసేవాడికి ప్రమాదమే లేదా? ఉంది, కానీ అది పోలీసుల వైపు నుంచి కాదు. 2025 నవంబరులో పైరసీ సైటు ఐబొమ్మ నడిపారన్న ఆరోపణపై ఒక వ్యక్తిని హైదరాబాద్ సైబర్ క్రైమ్ పోలీసులు అరెస్టు చేశారు. సుమారు 50 లక్షల మంది వినియోగదారుల సమాచారం అతని దగ్గర ఉందని, సైటు నుంచి జనాన్ని బెట్టింగ్ యాప్‌ల వైపు మళ్లించారని పోలీసులు చెప్పారు. కేసు కోర్టులో తేలాలి. కానీ ఆ లెక్క ఒక్కటి చాలు, ఉచితంగా సినిమా చూపించేవాడి రాబడి ఎక్కడిదో అర్థం కావడానికి. ఆధార్ కార్డు జిరాక్స్ ఇవ్వాలంటే పదిసార్లు ఆలోచించే వాళ్లు, ఈ సైట్లలో వచ్చే "అనుమతించు" బటన్ను చూడకుండానే నొక్కేస్తారు.

ఇక్కడే ఇంకో మోసం కాపు కాసి ఉంటుంది. ఇలాంటి సైట్లో ఎక్కడో నొక్కగానే తెర మొత్తం నిండిపోయేలా ఒక పేజీ తెరుచుకుంటుంది. పైన అశోక చిహ్నం, కింద ఏదో కేంద్ర మంత్రిత్వ శాఖ పేరు, "మీ బ్రౌజర్ లాక్ చేయబడింది, జరిమానా కట్టకపోతే అరెస్టు" అన్న హెచ్చరిక, పక్కన తరిగిపోతున్న గడియారం, కార్డు నంబరు కొట్టడానికి గళ్లు. మూసే గుర్తు ఎక్కడా కనిపించదు. అది పూర్తి తెరలోకి సాగదీసిన మామూలు వెబ్ పేజీ, అంతే. కంప్యూటర్లో ఎస్కేప్ మీటనో ఎఫ్ 11 మీటనో నొక్కితే అసలు చిరునామా పైన బయటపడుతుంది. ఏ ప్రభుత్వమూ బ్రౌజర్‌ను లాక్ చేసి జరిమానా వసూలు చేయదు. పరువు పోతుందని కార్డు వివరాలు ఇచ్చేసి, గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకున్న వాళ్లను చూశాను. ఇచ్చేశారా, వెంటనే బ్యాంకుకు చెప్పి కార్డు ఆపించండి, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. మొదటి గంట గడిచేకొద్దీ డబ్బు ఖాతాలు మారుతూ పోతుంది.

అపోహ: డబ్బు తీసుకోకుండా పంచితే నేరం కాదు

అశోక్‌నగర్, దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ వీధుల్లో ఇది దాదాపు మత విశ్వాసం. ఎవరో వేలు పోసి కొన్న టెస్ట్ సిరీస్ పీడీఎఫ్ సాయంత్రానికి నాలుగు గ్రూపుల్లో ఉంటుంది. పంచినవాడు పుణ్యం చేశాననుకుంటాడు. పేద విద్యార్థుల ఇబ్బంది నాకు తెలియనిది కాదు, ఆ కోచింగ్ ఫీజులు చూస్తే నాకూ ఒళ్లు మండుతుంది. కానీ 63వ సెక్షన్ "తెలిసి ఉల్లంఘించిన" వాళ్లందరికీ వర్తిస్తుంది. లాభాపేక్ష లేదని తేలితే, ప్రత్యేక కారణాలు రాసి 6 నెలల కన్నా తక్కువ శిక్ష వేసే వెసులుబాటు న్యాయమూర్తికి ఉంది. ఉచితంగా పంచామన్నది శిక్ష తగ్గించడానికి పనికొస్తుంది, నేరం లేదనడానికి కాదు. పైగా 2022లో సుప్రీంకోర్టు ఈ సెక్షన్ కింద కేసు కాగ్నిజబుల్, నాన్ బెయిలబుల్ అని తేల్చింది. అంటే వారంటు లేకుండా అరెస్టు చేయవచ్చు, బెయిలు హక్కుగా రాదు.

"టెలిగ్రామ్‌లో నా పేరు కనిపించదుగా" అన్నది దీని తోబుట్టువు. ఢిల్లీలో ఒక కోచింగ్ టీచరు తన పాఠాలను అక్రమంగా పంచుతున్న చానళ్లపై దావా వేస్తే, 2022 ఆగస్టులో ఢిల్లీ హైకోర్టు ఆ చానళ్లు నడిపేవారి వివరాలివ్వమని టెలిగ్రామ్‌ను ఆదేశించింది. తమ సర్వర్లు సింగపూర్‌లో ఉన్నాయని, అక్కడి గోప్యతా చట్టం ఒప్పుకోదని కంపెనీ వాదించింది. కోర్టు వినలేదు. చివరికి పేర్లు, ఫోన్ నంబర్లు, ఐపీ చిరునామాలు సీల్డు కవరులో కోర్టుకు చేరాయి.

గ్రూపు అడ్మిన్ సంగతీ ఇక్కడే చెప్పేస్తాను. సభ్యుడు పెట్టిన దానికి అడ్మిన్ దానంతటదే నేరస్తుడు కాడని బాంబే, కేరళ హైకోర్టులు చెప్పాయి. అడ్మినే పెట్టినా, కలిసి పన్నినా లెక్క మారుతుంది.

అపోహ: థియేటర్లో తీసిన చిన్న ముక్క స్టేటస్ పెట్టుకుంటే ఏమవుతుంది?

హీరో తెరపై కనిపించే క్షణం, ఈలలు, కాగితపు ముక్కలు, ఆ చీకట్లో వెలిగే వందల ఫోన్లు. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో మొదటి రోజు మొదటి ఆట చూసినవాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు. 2023లో సవరించిన సినిమాటోగ్రాఫ్ చట్టం మాత్రం ఈ సరదాను సరదాగా చూడదు. అక్రమ ప్రతి తయారు చేసే, పంపే ఉద్దేశంతో థియేటర్లో రికార్డు చేయకూడదు. సినిమా మొత్తమైనా, అందులో కొంత భాగమైనా ఒకటే. శిక్ష 3 నెలలకు తగ్గదు, 3 ఏళ్ల దాకా ఉండవచ్చు. జరిమానా 3 లక్షలకు తగ్గదు, ఆడిట్ చేసిన నిర్మాణ వ్యయంలో 5 శాతం దాకా వెళ్లవచ్చు. మన పెద్ద సినిమాల బడ్జెట్లతో ఆ 5 శాతాన్ని లెక్కగట్టుకోండి. ఉద్దేశం నిరూపించాల్సిన భారం ప్రాసిక్యూషన్‌దే, కాబట్టి పది సెకన్ల స్టేటస్‌కు ప్రతివాడూ జైలుకు పోతాడని నేను అనను. కానీ కేసు పెట్టాక ఆ వాదన వినిపించేసరికి ఫోను సీజ్ అయి ఉంటుంది, బెయిలు ఖర్చు అయి ఉంటుంది.

దొరకమనుకునే వాళ్లకు ఒక సాంకేతిక ముచ్చట. డిజిటల్ సినిమాకు డీసీఐ అనే ప్రమాణాలున్నాయి. వాటి ప్రకారం థియేటర్ సర్వర్ బొమ్మలోనూ శబ్దంలోనూ కంటికీ చెవికీ అందని గుర్తు వేస్తుంది. ప్రతి 5 నిమిషాల నిడివిలోనూ 35 బిట్ల సమాచారం దాగి ఉంటుంది: 16 బిట్లు సమయానికి, 19 బిట్లు ఆ యంత్రం గుర్తింపుకు. ఫోనుతో వంకరగా తీసినా చెరిగిపోకుండా ఉండేలా దాన్ని రూపొందించారు. బయటపడ్డ ప్రతిని ప్రయోగశాలలో చదివితే ఏ తెర మీద, ఏ పూట ఆటలో తీశారో తెలుస్తుంది. తెలుగు ఫిల్మ్ చాంబర్ యాంటీ వీడియో పైరసీ విభాగం ఫిర్యాదులతో మొదలయ్యే దర్యాప్తులకు ఇలాంటి గుర్తులే కొస దొరికేలా చేస్తాయి.

అపోహ: ప్రభుత్వం తలచుకుంటే పైరసీ సైట్లన్నీ ఒక్క రోజులో మూసేయగలదు

నిర్మాతలు కూడా నాతో ఇదే అంటారు. ఐటీ చట్టం 69ఏ సెక్షన్ కింద కేంద్రం సైట్లను మూయించగలదు, నిజమే. కానీ ఆ సెక్షన్లో రాసిన కారణాలు దేశ సార్వభౌమత్వం, రక్షణ, భద్రత, విదేశాలతో స్నేహం, శాంతిభద్రతలు, వీటికి సంబంధించిన నేరాలకు ప్రేరేపించడం. కాపీరైట్ ఆ జాబితాలో లేదు. ఉండకపోవడమే మంచిదని నా అభిప్రాయం. ఆ ఉత్తర్వులు రహస్యంగా ఉంటాయి, ఎందుకు మూశారో చాలాసార్లు సైటు యజమానికే తెలియదు. సినిమా వ్యాపారం కోసం అంత పెద్ద తాళంచెవి ఇవ్వకూడదు.

పైరసీకి ఉన్న దారులు వేరు. ఒకటి కోర్టు: 2019లో ఢిల్లీ హైకోర్టు "డైనమిక్ ఇంజంక్షన్" పద్ధతి తెచ్చింది. మూసిన సైటు పేరు మార్చుకుని మళ్లీ వస్తే కొత్త దావా వేయకుండా ఆ కొత్త చిరునామాను పాత ఉత్తర్వులోనే చేర్చవచ్చు. రెండోది, 2023 నవంబరులో సమాచార, ప్రసార శాఖ, సెన్సార్ బోర్డు నియమించిన నోడల్ అధికారులు. హక్కుదారు ఫిర్యాదు చేస్తే 48 గంటల్లో చర్య ఉండాలన్నది లక్ష్యం. ఇన్ని ఉన్నా సైటు చావదు, ఎందుకంటే ఇంటర్నెట్ కంపెనీ మూసేది దారినే. సర్వర్ ఎక్కడో విదేశంలో చెక్కుచెదరకుండా ఉంటుంది. అందుకే విడుదలైన మొదటి వారాంతం వరకు అడ్డుకోగలిగితే చాలనుకునే నిర్మాతే వాస్తవం తెలిసినవాడు.

అపోహ: ఇన్‌కాగ్నిటో పెడితే, వీపీఎన్ వాడితే ఎవరికీ తెలియదు

ఇన్‌కాగ్నిటో (బ్రౌజర్‌లోని ప్రైవేటు పద్ధతి) మీ ఫోనులో చూసిన సైట్ల చరిత్ర మిగల్చదు, అంతవరకే. ఇంట్లో వాళ్లకు తెలియకపోవచ్చు. ఇంటర్నెట్ కంపెనీకి, సైటుకు తెలుస్తూనే ఉంటుంది. ఆ పద్ధతిలోనూ సమాచారం సేకరించారన్న దావాలో 2024లో గూగుల్ కోట్లాది రికార్డులు చెరిపేయడానికి ఒప్పుకుంది. వీపీఎన్, అంటే మీ ఇంటర్నెట్ రాకపోకలను వేరే సర్వర్ గుండా మళ్లించే సేవ, వాడటం మన దేశంలో సాధారణంగా నేరం కాదు, మాదాపూర్ కంపెనీల్లో సగం పని దాని మీదే నడుస్తుంది. కాకపోతే 2022 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ వీపీఎన్ కంపెనీలు ఖాతాదారుల వివరాలు 5 ఏళ్లు దాచాలని ఆదేశించింది. కొన్ని కంపెనీలు ఇక్కడి సర్వర్లు ఎత్తేశాయి. ఉచిత వీపీఎన్ అయితే, మీ రాకపోకలన్నీ ఇంటర్నెట్ కంపెనీకి బదులు ఇంకెవరో అపరిచితుడి చేతిలో పెట్టినట్టే.

అపోహ: గోప్యత హక్కు చట్టం వచ్చింది కాబట్టి సమాచారం లీకైతే నష్టపరిహారం వస్తుంది

2017 ఆగస్టు 24న తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కని ఏకగ్రీవంగా చెప్పింది. వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది. దాని నియమాలు 2025 నవంబరులో వచ్చాయి. కంపెనీల మీద అసలైన బాధ్యతలు అప్పటినుంచి 18 నెలలకు, అంటే 2027 మేలో మొదలవుతాయి. ఉల్లంఘనకు 250 కోట్ల దాకా జరిమానా అని పత్రికల్లో పెద్దక్షరాల్లో వచ్చింది. ఆ డబ్బు భారత సంచిత నిధికి పోతుంది. సమాచారం పోగొట్టుకున్న మీకు అందులో రూపాయి రాదు.

కొండాపూర్‌లో ఒక అపార్ట్‌మెంట్ గేటు దగ్గర నిలబడి చూడండి. కొరియర్ కుర్రాడి ఫోటో, నంబరు, ఏ ఫ్లాటుకు, ఎన్ని గంటలకు, అన్నీ కాపలాదారు ఫోనులోకి ఎక్కుతాయి. ఎంతకాలం ఉంచుతారని సంఘం కార్యదర్శిని అడిగితే ఆయన యాప్ వాళ్లను అడగమంటారు. మాల్‌లో బిల్లు కౌంటరు దగ్గర నంబరు అడిగితే ఇవ్వనని చెప్పే హక్కు మీకు ఇప్పుడే ఉంది. నంబరు లేకుండా బిల్లు రాదంటే, ఇవ్వకుండా వచ్చేయడమే నేను చేసే పని, వెనక వరుస విసుక్కున్నా సరే.

పరిహారం కావాలంటే ఒక పాత దారి ఇంకా తెరిచే ఉంది, అదీ కొద్దికాలమే. ఐటీ చట్టం 43ఏ సెక్షన్: పాస్‌వర్డు, బ్యాంకు వివరాలు, వైద్య రికార్డులు, వేలిముద్రల వంటి సున్నిత సమాచారాన్ని కంపెనీ అజాగ్రత్తగా ఉంచి మీకు నష్టం చేస్తే పరిహారం అడగవచ్చు. 5 కోట్ల వరకు ఆ దరఖాస్తును వినే అధికారి రాష్ట్ర ఐటీ శాఖ కార్యదర్శి. కోర్టుకు పోనక్కర్లేదు. కొత్త చట్టం పూర్తిగా అమల్లోకి రాగానే ఈ సెక్షన్ రద్దవుతుంది. కాబట్టి బ్యాంకు వివరాలు, ఆస్పత్రి రిపోర్టులు బయటకు పొక్కి నష్టపోయినవాళ్లు కొత్త చట్టం కోసం ఎదురుచూస్తూ కూర్చోవద్దు.

అపోహ: స్క్రీన్‌షాట్ ఉంది, అదే సాక్ష్యం

మార్చిన ఫోటోలతో బెదిరింపు ఎదుర్కొన్న ఆడపిల్లలు వచ్చినప్పుడు నాకు ఎక్కువ బాధ కలిగించేది ఇదే. స్క్రీన్‌షాట్ తీస్తారు, దాన్ని జిరాక్స్ సెంటర్‌కు వాట్సాప్ చేస్తారు, ప్రింటు తెస్తారు. ఇంట్లో ఎవరూ చూడకూడదని అసలు చాట్ చెరిపేస్తారు. ప్రింటులో పంపినవాడి నంబరు కత్తిరించుకుపోయి ఉంటుంది, తేదీ ఉండదు, లింకు ఉండదు. భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ఎలక్ట్రానిక్ రికార్డుకు ధ్రువపత్రం అడుగుతుంది. అందులో ఒక భాగం మీరు, రెండోది నిపుణుడు నింపాలి, ఫైలు హాష్ విలువ (ఆ ఫైలుకు వేలిముద్ర లాంటి సంకేతం) రాయాలి. చెరిపేసిన చాట్‌కు హాష్ ఎక్కడినుంచి తేవాలి?

చాట్ ఉంచండి. ప్రొఫైల్ పేజీ పూర్తి లింకు కాపీ చేసి పెట్టుకోండి. పేరు మార్చుకోవడం వాడికి క్షణం పని. ఎక్స్‌పోర్ట్ చేసిన చాట్‌ను ఈమెయిల్లో మీకే పంపుకోండి. ఫోటో పైకెక్కకుండా ఆపాలంటే స్టాప్ ఎన్‌సీఐఐ అనే ఉచిత సేవ ఉంది; ఫోటో మీ ఫోను దాటదు, దాని హాష్ మాత్రమే వెళ్తుంది, ఒప్పందంలో ఉన్న వేదికలు దానితో పోల్చి అడ్డుకుంటాయి. ఇలాంటి ఫోటోలపై బాధితులు ఫిర్యాదు చేస్తే వేదికలు 24 గంటల్లో తీసేయాలని 2021 నాటి ఐటీ నియమాలు చెప్పాయి, 2026 ఫిబ్రవరి సవరణ ఆ గడువును 2 గంటలకు కుదించింది, కాబట్టి ఫిర్యాదు పంపిన సమయం తెలిసేలా దాని నకలూ దాచండి. "మా పరిధి కాదు" అని స్టేషన్లో తిప్పి పంపబోతే జీరో ఎఫ్ఐఆర్ అడగండి. పరిధితో పని లేకుండా దాన్ని నమోదు చేయాలని భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్ చెబుతుంది. ఆ సెక్షన్ నంబరు కాగితం మీద రాసుకుని వెళ్లండి, కౌంటరు దగ్గర అది బాగా పనిచేస్తుంది.