మిడ్‌ఫీల్డర్‌కి ముందు తిరగాల్సింది మెడ: కొన్ని అపోహలు - వాస్తవాలు

"మావోడికి దమ్ము బాగుంది సార్, మిడ్‌ఫీల్డ్‌లో ఎయ్యండి."

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో కొత్తగా పిల్లాణ్ని ఫుట్‌బాల్ గ్రౌండ్‌కి తీసుకొచ్చే తండ్రి నోట తరచూ వచ్చే మాట ఇది. మిడ్‌ఫీల్డ్ అంటే వెనక కాపలా కాసే డిఫెన్స్‌కీ, గోల్ కొట్టే ముందు వరుసకీ మధ్య స్థానం. దాని వెంటే ఇంకోటి: "రోజూ తెల్లారగట్ల రోడ్డు మీద పది కిలోమీటర్లు పరుగెట్టిస్తన్నాను." ఇందులో ఆ తండ్రి తప్పేం లేదు. మన వైపు ఏ గ్రౌండ్ చూసినా తెల్లవారేసరికి ఆర్మీ ర్యాలీకి, కానిస్టేబుల్ ఈవెంట్స్‌కి తయారయ్యే కుర్రాళ్లతో నిండిపోయి ఉంటుంది. 1,600 మీటర్ల పరుగు, మళ్లీ 1,600 మీటర్ల పరుగు. కళ్లెదుట రోజూ కనబడే శిక్షణ అదే కాబట్టి ఫుట్‌బాల్‌కీ అదే సరిపోతుందనుకుంటారు. కానీ పిల్లల కాళ్లనీ, వాళ్లు ఆట నేర్చుకోవాల్సిన నాలుగైదేళ్లనీ ఇంతగా తినేస్తున్న అపోహ మరొకటి లేదు. అందుకే దీన్ని విడమరిచి రాస్తున్నాను, మిగతావి క్లుప్తంగా.

అపోహ: మిడ్‌ఫీల్డర్ అంటే అందరికంటే ఎక్కువ పరుగెత్తేవాడు. స్టామినా ఉంటే చాలు, ఆట తర్వాత అదే వస్తుంది.

ప్రొఫెషనల్ మిడ్‌ఫీల్డర్ 90 నిమిషాల్లో 10 నుంచి 12 కిలోమీటర్లు తిరుగుతాడు, నిజమే. టీవీలో ఆ అంకె చూసి అందరూ దాన్నే పట్టుకుంటారు. ఆ దూరం ఎలా వచ్చిందో మాత్రం అడగరు. అందులో ఎక్కువ భాగం నడక, మెల్లని జాగింగ్. నాలుగైదు సెకన్లకోసారి వేగమో, దిశో మారిపోతుంటుంది. మ్యాచ్ మొత్తంలో అలాంటి మార్పులు వెయ్యికి పైనే. గట్టి పరుగులన్నీ కలిపితే సుమారు కిలోమీటరు, అదీ 10, 15, 20 మీటర్ల ముక్కలుగా. బంతి అతని కాలి దగ్గర ఉండేది మొత్తం మీద ఒకటి రెండు నిమిషాలే. మిగతా సమయమంతా అతను చుట్టూ చూసుకుంటూ, ఖాళీ జాగా వెతుక్కుంటూ, ఇద్దరు ప్రత్యర్థుల మధ్య నుంచి పాస్ అందేలా రెండడుగులు అటో ఇటో జరుగుతూ ఉంటాడు.

మరి ఒకే వేగంతో తారు రోడ్డు మీద పది కిలోమీటర్లు పరుగెత్తే పిల్లాడు దేనికి తయారవుతున్నాడు? ఒకే వేగంతో పరుగెత్తడానికి. ఆగడం, నడుము తిప్పడం, మళ్లీ మూడడుగుల్లో వేగం అందుకోవడం అతని కాళ్లకి అలవాటే కాదు. మ్యాచ్‌లో పెడితే బంతి ఎటుంటే అటు పరుగెడతాడు. ఇరవై నిమిషాలకు చెమటలు కక్కుతాడు. బయట నుంచి చూసేవాళ్లు "ఎంత కష్టపడుతున్నాడో" అంటారు. అతను వదిలేసిన జాగాలోంచే గోల్ పడుతుంది.

"మరి కాంటే సంగతేంటి?" అని అడిగేవాళ్లున్నారు. అడగాల్సిన ప్రశ్నే. ఫ్రాన్స్ మిడ్‌ఫీల్డర్ ఎన్‌గోలో కాంటేని అందరూ పరుగుల యంత్రం అంటారు. 2015-16లో లెస్టర్ సిటీ ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్ గెలిచినప్పుడు లీగ్ మొత్తంలో ఎక్కువ టాకిల్స్ (ఎదుటివాడి కాలి దగ్గర్నుంచి బంతి లాక్కోవడం), ఎక్కువ ఇంటర్‌సెప్షన్లు అతనివే. ఇంటర్‌సెప్షన్ అంటే ఏమిటో ఒక్కసారి ఆలోచించండి. ఎదుటివాడు పాస్ ఇవ్వకముందే అది ఎటు వెళ్తుందో తెలుసుకుని ఆ దారిలో నిలబడటం. అది కాళ్లకంటే ముందు కంటి పని. అటు చివర ఇటలీ మిడ్‌ఫీల్డర్ ఆండ్రియా పిర్లో ఉన్నాడు. వేగం అతని బలం ఏనాడూ కాదు. 2001లో బ్రెషా క్లబ్‌లో అతన్ని ముందు వరుస నుంచి వెనక్కి, డిఫెన్స్ ఎదుటికి దించారు. ఆ స్థానంలో ఆడే 2006 ప్రపంచ కప్ గెలిచాడు. పరుగుల్లో ఈ ఇద్దరికీ పోలికే లేదు. ఇద్దరికీ ఉన్నది ఒకటే: బంతి రాకముందే మెడ తిప్పి చుట్టూ చూడటం.

మెడ తిప్పడం నేర్పించొచ్చా అని అడుగుతారు. నేర్పించొచ్చు, పదేళ్ల వయసు నుంచే. గ్రౌండ్‌లో ఓ మూల, ముగ్గురు పిల్లలు, ఒక బంతి ఉంటే చాలు.

ముగ్గుర్నీ ఒకే వరుసలో, ఒకరికొకరు 12 మీటర్ల దూరంలో నిలబెట్టండి. ఈ చివరి పిల్లాడు మధ్యవాడికి పాస్ ఇస్తాడు. పాస్ రాకముందే మధ్యవాడు భుజం మీంచి ఒకసారి వెనక్కి చూడాలి. బంతి దార్లో ఉండగా ఇంకోసారి. వెనకున్న మూడోవాడు ఇష్టమైతే కదలకుండా ఉంటాడు, ఇష్టమైతే మీదికొస్తాడు. కదలకపోతే మధ్యవాడు "తిరుగు" అని అరిచి, బంతికి దూరంగా ఉన్న కాలితో దాన్ని అందుకుని తిరగాలి. మీదికొస్తే "వెనక్కి" అని అరిచి, ఒక్క తాకుతో పాస్ తిరిగి ఇచ్చేయాలి. ఆ అరుపు బంతి కాలికి తగలకముందే వినబడాలి, అదే పరీక్ష. ఎనిమిది బంతులు కాగానే స్థానాలు మార్చండి. రోజుకు పది నిమిషాలు చాలు.

ఇందులో తప్పులు ఎప్పుడూ ఒకేలా వస్తాయి. మొదటిది, బంతి కాలికిందికి వచ్చాక తలెత్తి చూడటం. అప్పటికి ప్రత్యర్థి మీదికొచ్చేసి ఉంటాడు. రెండోది, బంతి ఆఖరి రెండు మూడు మీటర్లలో ఉండగా వెనక్కి చూడటం. బంతి కాలి కిందనుంచి జారిపోతుంది. ఆ ఆఖరి మీటర్లలో చూపు బంతి మీదే ఉండాలి. మూడోది పెద్దలకీ తెలీదు: మెడ తిరుగుతుంది, నడుము మాత్రం పాస్ ఇచ్చేవాడికి ఎదురుగానే ఉంటుంది. పిల్లాడు చూశాడు గానీ, చూసినదాన్ని వాడుకోలేడు. నడుము పక్కకి, సగం తెరిచిన తలుపులా ఉంటే ముందు గ్రౌండ్, వెనక గ్రౌండ్ రెండూ అందుతాయి.

దమ్ము అక్కర్లేదా? కావాలి, బంతితోనే. పద్నాలుగు దాటిన పిల్లలకి 30 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు గడిలో నలుగురు నలుగురితో ఆట: నాలుగు నిమిషాలు ఆడటం, మూడు నిమిషాలు విరామం, అలా నాలుగుసార్లు. నాలుగు వైపులా అదనపు బంతులు పెట్టుకోండి. బంతి కోసం తుప్పల్లోకి పరుగెడుతుంటే నాలుగు నిమిషాల్లో ఆట రెండు నిమిషాలకి పడిపోతుంది, గుండెకి పని తగ్గుతుంది. గడి పెద్దదైతే అది జాగింగే అవుతుంది. చిన్న పిల్లలకి 8 మీటర్ల గడిలో చుట్టూ పాస్‌లిచ్చుకునే నలుగురు, మధ్యలో బంతి లాక్కునే ఇద్దరు, ఒకరికి రెండు తాకులే. ఇదేదో బయటి దేశాల ఫ్యాషన్ కాదు. 1951, 1962 ఏషియన్ గేమ్స్‌లో మనకి బంగారు పతకాలు, 1956 ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం తెచ్చిన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్, హైదరాబాద్‌లో డ్రిబ్లింగ్ లేని పోటీలు, బలహీనమైన కాలితోనే ఆడే పోటీలు పెట్టేవారు. తెలుగు నేల మీద అప్పుడే జరిగిన పని ఇది.

ఇక కాళ్ల సంగతి. పదేళ్ల నుంచి పదిహేనేళ్ల మధ్య ఎముకలు గబగబా పెరుగుతాయి. కండరాలు, వాటిని ఎముకకి కలిపే స్నాయువులు ఆ వేగాన్ని అందుకోలేవు. అలాంటి కాళ్లతో పల్చటి సోల్ బూట్లేసి తారు రోడ్డు మీద రోజూ పరుగెట్టిస్తే మూడు చోట్ల నొప్పి మొదలవుతుంది: మడమ వెనక, మోకాలి చిప్ప కింది ఎముక, పిక్కకి ముందున్న ఎముక లోపలి అంచు. "ఎదిగే నొప్పులు, అయ్యే పోతాయి" అని పరుగు కొనసాగించొద్దు. పరుగు, గెంతులు తగ్గిస్తే మొదటి రెండూ చాలామందిలో వాటంతటవే తగ్గుతాయి. మూడోదాంట్లో తేడా గమనించండి. ఎముక పొడవునా జానెడు మేర నొప్పి ఉంటే విశ్రాంతితో సర్దుకుంటుంది. ఒక్క వేలితో నొక్కి చూపించగలిగినంత చోటే నొప్పి ఉంటే, రాత్రి పడుకున్నా సలుపుతుంటే, ఎముకలో సన్నని చీలిక కావొచ్చు. ఎముకల డాక్టరుకి చూపించాల్సిందే. మొదటి రెండు మూడు వారాల్లో ఎక్స్-రేలో అది కనబడకపోవచ్చు. "ఎక్స్-రే బాగానే ఉంది" అని మర్నాడే ఆడించకండి. వారానికి ఒక రోజు పూర్తి సెలవు ఇవ్వండి. వారం మొత్తం మీద ఆట, శిక్షణ కలిపిన గంటలు పిల్లాడి వయసు అంకెని దాటనివ్వకండి. పన్నెండేళ్లవాడికి పన్నెండు గంటలే.

మన గ్రావెల్ గ్రౌండ్లకి పొడవాటి స్టడ్లున్న బూట్లు వద్దు. అవి మెత్తని పచ్చిక కోసం. గట్టి నేల మీద అవి దిగవు, ఆ తాకిడంతా మడమకే. చిన్న చిన్న రబ్బరు గుబ్బలున్నవి కొనండి, ధర కూడా తక్కువ. పన్నెండేళ్ల లోపువాళ్లకి నాలుగో నంబరు బంతి. గాలి రాయిలా కొట్టకండి. నిబంధన ప్రకారం ఐదో నంబరు బంతిలో గాలి 8.5 నుంచి 15.6 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) మధ్య ఉండాలి. గట్టి నేల మీద కింది అంకె దగ్గరే ఉంచితే బంతి ఎగిరిపోదు, పిల్లాడు తలెత్తగలుగుతాడు.

అపోహ: పొట్టివాడు మిడ్‌ఫీల్డ్‌లో నలిగిపోతాడు.

పేరున్న మిడ్‌ఫీల్డర్ల ఎత్తులు చూడండి: స్పెయిన్ ఆటగాళ్లు జావీ 1.70 మీటర్లు, ఇనియెస్టా 1.71, క్రొయేషియా ఆటగాడు మోడ్రిచ్ 1.72. 2010 ప్రపంచ కప్ ఫైనల్లో 116వ నిమిషంలో గోల్ కొట్టింది ఇనియెస్టా. 2018లో ప్రపంచ ఉత్తమ ఆటగాడికిచ్చే బాలన్ డి ఓర్ అందుకునేనాటికి మోడ్రిచ్‌కి 33 ఏళ్లు. పదమూడేళ్లకి పొట్టిగా ఉన్నవాడు చాలాసార్లు ఎదుగుదల ఆలస్యమైనవాడే, అంతే. ఈ భయంతోనే కొందరు వయసు రెండేళ్లు తగ్గించి సర్టిఫికెట్లు పుట్టిస్తున్నారు. మణికట్టు ఎక్స్-రేతో ఎముకల వయసు చూసే పరీక్షలున్నాయి. దొరికితే పిల్లాడి మీద నిషేధం పడుతుంది, మచ్చ వాడికే మిగులుతుంది.

అపోహ: పదహారేళ్లకి అకాడమీలో లేకపోతే అయిపోయినట్టే.

కాంటే 19 ఏళ్ల దాకా పారిస్ శివార్లలోని అమెచ్యూర్ క్లబ్‌లోనే ఉన్నాడు. ప్రీమియర్ లీగ్‌లో అడుగుపెట్టేసరికి 24. మన వైపు ఇంకో దారి కూడా ఉంది. ఆర్మీలో చేరినవాడికి ఫుట్‌బాల్ ఆగిపోదు. సైన్యం జట్లు డ్యూరాండ్ కప్ టోర్నీ ఆడతాయి, సైనిక దళాల తరఫున ఆడే సర్వీసెస్ జట్టు, రాష్ట్రాల జట్లు పోటీపడే సంతోష్ ట్రోఫీని చాలాసార్లు గెలిచింది.

అపోహ: మోకాలు మెలిపడితే నూనె మర్దన, కట్టు కట్టించుకుంటే సరి.

ఆడుతుండగా మోకాల్లో "టక్" మని శబ్దం వచ్చి, రెండు గంటల్లోపే వాచిందంటే లిగమెంట్ (ఎముకల్ని కలిపి ఉంచే పట్టీ) తెగి ఉండే అవకాశం ఎక్కువ. మర్దన చేస్తే వాపు పెరుగుతుంది. ఐస్ ముక్కలు గుడ్డలో చుట్టి పావుగంట పెట్టండి. కాలు ఎత్తులో ఉంచండి, నడిపించకండి, ఎముకల డాక్టరుకి చూపించండి. ఆపరేషన్ అయితే మళ్లీ మ్యాచ్ ఆడటానికి కనీసం తొమ్మిది నెలలు. ముందు జాగ్రత్తగా ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా రూపొందించిన ఫిఫా 11+ వార్మప్ ఉంది: 15 కసరత్తులు, 20 నిమిషాలు, వారానికి కనీసం రెండుసార్లు. బంతి, కోన్లు తప్ప వేరే సామాను అక్కర్లేదు.

అపోహ: మ్యాచ్ రోజు బలమైన తిండి, అంటే మాంసం.

మ్యాచ్‌కి మూడు గంటల ముందు అన్నం, పప్పు, అరటిపండు. చోడి అంబలి మంచిదే. ఏప్రిల్, మే ఎండల్లో ఉప్పు వేసిన మజ్జిగ. బిర్యానీ మ్యాచ్ అయ్యాక.

అపోహ: డబ్బు కడితే పిల్లాణ్ని యూరప్ క్లబ్‌లో పెట్టిస్తారు.

ఇలాంటి మాట నమ్మి పొలం తాకట్టు పెట్టేవాళ్లని తలుచుకుంటే కడుపు తరుక్కుపోతుంది. ఫిఫా నిబంధనల ప్రకారం 18 ఏళ్ల లోపు ఆటగాడిని ఒక దేశం నుంచి ఇంకో దేశం క్లబ్‌కి మార్చడం నిషేధం. తల్లిదండ్రులు ఫుట్‌బాల్‌తో సంబంధం లేని కారణంతో ఆ దేశానికి వెళ్లి స్థిరపడటం లాంటి కొన్ని మినహాయింపులే ఉన్నాయి. యూరోపియన్ యూనియన్ దేశాల మధ్య మారే 16 ఏళ్లు నిండినవాళ్లకున్న మినహాయింపు మన ఊరి పిల్లాడికి వర్తించదు. కాబట్టి పద్నాలుగేళ్లవాడికి స్పెయిన్ కాంట్రాక్ట్ అని ఎవరైనా చెబితే అక్కడే సంభాషణ ఆపేయండి. 18 లోపువాడితో మూడేళ్లకి మించిన ప్రొఫెషనల్ కాంట్రాక్ట్ కుదరదు. ప్రొఫెషనల్ క్లబ్ ఆటగాడికి జీతం ఇస్తుంది, ఆటగాడి దగ్గర తీసుకోదు. ఏజెంట్‌నని వచ్చినవాణ్ని ఫిఫా లైసెన్స్ నంబరు అడగండి, ఆ పేరు ఫిఫా వెబ్‌సైట్‌లోని జాబితాలో ఉందో లేదో మీ ఫోన్‌లో మీరే చూసుకోండి. అతను చూపించే ఫోటోలు, క్లబ్ జెర్సీలు, పెద్ద ఆటగాళ్లతో దిగిన సెల్ఫీలు ఏవీ లెక్కలోకి రావు. "రేపటికల్లా అడ్వాన్స్ కట్టాలి, లేకపోతే సీటు పోతుంది" అంటే, పోనివ్వండి.