ఎల్లా ఎందుకు తగ్గి పాడింది?

బుజ్జిగాడికీ, చిన్నారికీ,

మొన్న సెలవుల్లో నా పాత రికార్డు వింటూ మీరు వేసిన ప్రశ్న ఇంకా చెవిలోనే ఉంది. "తాతయ్యా, ఈవిడ నోటితోనే బాకా ఊదేస్తుందన్నావు. మరి ఇక్కడ పాట పాటలాగే ఉందేంటి?" అప్పుడు భోజనాలకి పిలుపు రావడంతో తప్పించుకున్నాను. ఇప్పుడు తీరిగ్గా చెబుతాను.

ఆ గొంతు ఎల్లా ఫిట్జెరాల్డ్‌ది. 1917లో అమెరికాలోని వర్జీనియాలో పుట్టిన నల్లజాతి పిల్ల. పదిహేనేళ్లకే తల్లి పోయింది. 1934లో న్యూయార్క్‌లో, హార్లెం పేటలోని అపోలో థియేటర్‌లో కొత్తవాళ్ల పోటీ పెడితే డాన్సు చేద్దామని వెళ్లింది. తనకి ముందు అక్కచెల్లెళ్లిద్దరు డాన్సు అదరగొట్టేశారు. ఈ పిల్లకి గుండె జారి, అప్పటికప్పుడు పాట ఎత్తుకుంది. మొదటి బహుమతి కొట్టింది. ఆ తర్వాత ఇరవయ్యేళ్లలో ఆమె గొంతు పలికించని వాద్యం లేదనిపించుకుంది. అర్థంలేని అక్షరాలతో స్వరాలల్లుకుంటూ పోవడాన్ని జాజ్‌లో, అంటే అమెరికా నల్లజాతివాళ్లు పుట్టించిన సంగీతంలో, స్కాట్ అంటారు. మన స్వరకల్పనకి దూరపు చుట్టం అనుకోండి, స రి గ మ పేర్లుండవంతే.

అలాంటి మనిషి చేత నార్మన్ గ్రాంజ్ అనే నిర్మాత 1956లో వేరే పని చేయించాడు. వెర్వ్ అని కొత్త రికార్డు కంపెనీ పెట్టి, కోల్ పోర్టర్ అనే ఒకే ఒక్కడి పాటలు ముప్ఫయిరెండు పాడించాడు. నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత రికార్డు ఒక వైపు మూడు నిమిషాలకే అయిపోయేది, దాని మీద ఇదంతా ఎక్కడ పడుతుంది? ఎక్కువసేపు మోగే ఎల్పీ రికార్డులు వచ్చాయి కాబట్టి రెండు పళ్లేల్లో సర్దగలిగారు.

పోర్టర్ మన లెక్కలో వాగ్గేయకారుడే. మాటా తనదే, వరసా తనదే. కాకపోతే భక్తి వాసన బొత్తిగా లేదు. డబ్బున్న ఇంట్లో పుట్టి, న్యూయార్క్ బ్రాడ్వే నాటకాలకి సరసమైన, కొంటె పాటలు రాశాడు. 1937లో గుర్రం తన మీద పడి రెండు కాళ్లూ నుజ్జయినా రాయడం మానలేదు. నాటకం ఆడటం ఆగిపోతే అందులో పాటలు చెల్లాచెదురైపోతాయి. గ్రాంజ్ వాటిని ఒక్కచోట గుదిగుచ్చాడు. మన పాటకి సాకీ ఉన్నట్టే ఆ పాటలకీ ముందు కొంత నెమ్మదిగా మాట్లాడినట్టుండే భాగం ఉంటుంది. జాజ్ గాయకులు చాలాసార్లు దాన్ని ఎగరగొట్టేసేవారు. ఎల్లా ఈ రికార్డులో చాలా పాటలకి దాన్ని కూడా పాడింది.

ఇక మీ ప్రశ్న. స్కాట్ ఎందుకు చేయలేదు? చేతకాక కాదు. పోర్టర్ మాటకీ వరసకీ వేసిన ముడి కనబడాలంటే పాడేవాళ్లు కాస్త పక్కకి జరగాలి. హార్మోనియం ముందేసుకుని చూడండి. మొదటి తెల్ల మెట్టు స అనుకుని మ, ద, పై స మూడూ కలిపి నొక్కండి. 'ద' తెల్ల మెట్టే. ఇప్పుడు ఆ వేలు మాత్రం ఎడమ పక్క నల్ల మెట్టు మీదికి జరపండి. ఒక్క వేలే కదిలింది, ఇంట్లో దీపం తగ్గించినట్టు లేదూ? మొదటిదాన్ని వాళ్లు మేజర్ అంటారు, రెండోదాన్ని మైనర్. ఇందులో ఒక వీడ్కోలు పాట ఉంది, 1944 నాటిది. మేజర్ నుంచి మైనర్‌కి మారడం ఎంత వింతో అని మాటల్లో వచ్చేచోటే, వెనక వాద్యాలు సరిగ్గా ఈ పని చేస్తాయి. ఎల్లా అక్కడ చిన్న వంపు కూడా తిప్పదు. మాట స్పష్టంగా పలికి వదిలేస్తుంది. అక్కడ స్కాట్ చేసి ఉంటే ఆ వేలు కదలడం మనకి వినపడేదే కాదు. ఆమె ఉచ్చారణని పోర్టర్ కూడా మెచ్చుకున్నాడని చెబుతారు.

ఇంకో మాట, చిన్నారికి కోపం వస్తుందని తెలిసే చెబుతున్నాను. ఈ పాటలు పాడడానికి కొన్ని నెలల ముందు, 1955 అక్టోబరులో, హ్యూస్టన్‌లో కచేరీ మధ్యలో పోలీసులు ఎల్లాని అరెస్టు చేశారు. తెల్లవాళ్లనీ నల్లవాళ్లనీ విడదీసి కూర్చోబెట్టనని గ్రాంజ్ పట్టుబట్టిన ఊరది. పోలీసులు చెప్పిన కారణం, వాద్యగాళ్లు గదిలో పాచికలాడుతున్నారట. స్టేషన్‌కి తీసుకెళ్లిన వాళ్లే ఆమె సంతకం కూడా అడిగారు. ఆ మనిషే వచ్చి ఈ సరసమైన పాటలు అంత హాయిగా పాడింది. నాకది ఇప్పటికీ వింతే.

పోర్టర్ తర్వాత ఇదే పద్ధతిలో ఇతరుల పాటలతో ఇంకో ఏడు సంపుటాలు వచ్చాయి. ఒక్క గెర్ష్విన్ అన్నదమ్ములవే యాభై పైచిలుకు పాటలు. సంక్రాంతికి మీరొస్తే 1957 నాటి డ్యూక్ ఎల్లింగ్టన్ పాటలు పెడతాను. అందులో ఎల్లా స్కాట్ మీకు కావలసినంత ఉంది, బుజ్జిగాడి బాకా గోల కూడా తీరుతుంది. సూది మార్చాలి, మీ నాన్నకి గుర్తు చేయండి.

మీ
తాతయ్య