వాటం ఉన్న గచ్చు మీద షీట్ ఫిల్మ్ కడిగితే

నల్లగొండ పక్కనే పానగల్లులో ఛాయా సోమేశ్వరాలయం ఉంది. గర్భగుడిలో లింగం మీద పొద్దంతా ఒక స్తంభం నీడ నిలిచే ఉంటుంది. ఆ నీడను పెద్ద కెమెరాతో 4×5 అంగుళాల షీట్ ఫిల్మ్ మీద తీసి, నాలుగు షీట్లూ ఇంట్లోనే కడిగాను. నాలుగింటికీ ఒక చివర పలచబడింది. కారణం మా బాత్రూం గచ్చుకున్న వాటం.

ఫిల్మ్ మీది జెలటిన్ పొరలో, అంటే ఎమల్షన్‌లో, వెండి లవణాల స్ఫటికాలు ఉంటాయి. వెలుగు తగిలిన స్ఫటికంలో కొన్ని వెండి పరమాణువులు మాత్రమే ఏర్పడతాయి, అవి కంటికి ఆనవు. డెవలపర్ అనే రసాయన ద్రావణం ఆ స్ఫటికం మొత్తాన్ని నల్లటి వెండిగా మారుస్తుంది. ఈ పనిలో ఫిల్మ్‌ను ఆనుకున్న డెవలపర్ నీరసిస్తుంది, అక్కడే బ్రోమైడ్ పోగవుతుంది. దాన్ని జరిపి కొత్తది అందించాలంటే కదలిక కావాలి. ట్రేలో అయితే చీకట్లో షీట్లను అడుగు నుంచి పైకి మారుస్తూ ఉండాలి. తడి జెలటిన్‌కు పక్క షీట్ మూల తగిలితే గీత పడ్డట్టే.

అందుకే నేను గచ్చు మీద దొర్లించే డ్రమ్ము వాడతాను. డ్రమ్ము అంటే వెలుతురు చొరబడని గొట్టం. చీకట్లో షీట్లను ఎమల్షన్ లోపలికి ఉండేలా దాని గోడకు ఆనించి పెడతాం. ఏ వైపు ఎమల్షనో వేలే చెప్పాలి. షీట్‌ను నిలువుగా పట్టుకున్నప్పుడు అంచు మీది చిన్న గంట్లు పైన కుడి మూలన తగిలితే, ఎమల్షన్ మన వైపు ఉన్నట్టు. మూత బిగించాక లైటు వేసుకోవచ్చు. డ్రమ్మును పడుకోబెట్టి దొర్లిస్తుంటే అడుగునున్న కొద్దిపాటి డెవలపర్‌లో ప్రతి షీటూ మునిగి లేస్తుంటుంది.

ఆ కొద్దిపాటి ద్రవం వాటం ఉన్న వైపే చేరింది. మేస్త్రీ రసమట్టం అడిగి తెచ్చి పెట్టి చూస్తే తెలిసిపోయింది. ఇప్పుడు చెక్క పలక వేసి, కింద చీలికలు పెట్టి మట్టం చేశాకే మొదలుపెడతాను. డ్రమ్మును ముందుకూ వెనక్కూ దొర్లిస్తాను, మధ్యమధ్య చివరలు మారుస్తాను.

కదలిక ఆగదు కాబట్టి, ఆగి ఆగి కదిపే మామూలు డెవలపింగ్ ట్యాంకులో పట్టే సమయంలో సుమారు 15 శాతం తగ్గించాలి, లేకపోతే వెలుగు ఎక్కువ పడ్డ చోట్లు మరీ నల్లబడతాయి. డ్రమ్ములోని గాలి కూడా డెవలపర్‌ను త్వరగా పాడుచేస్తుంది. అందుకే ఒకసారి వాడి పారబోయడమే మేలు. పొదుపు పేరుతో మరీ పలచన చేయొద్దు. నాలుగు షీట్ల వైశాల్యం 80 చదరపు అంగుళాలు, దాదాపు 36 ఫొటోల రీలంత, దానికి సరిపడా డెవలపర్ ఉండాలి.

అసలు టెన్షన్ ఎండాకాలంలో. మే నెలలో ఓవర్‌హెడ్ ట్యాంకు నీళ్లు చెయ్యి పెట్టనీయవు, డెవలపర్‌కేమో 20 డిగ్రీలు కావాలి. 20 దగ్గర 10 నిమిషాల పని 24 దగ్గర సుమారు 7 నిమిషాల్లో అయిపోతుంది. డ్రమ్ములో ఉండేది కొంచెమే కనుక గది వేడిని ఇట్టే పట్టేస్తుంది. నేను రంజన్ నీళ్లతో మొదలుపెడతాను. మట్టి రంధ్రాల్లోంచి ఊరిన నీరు ఆవిరవుతూ లోపలి వేడిని తీసుకుపోతుంది కదా, ఆపైన ఐసు కొంచెం చాలు. డెవలపర్, దాని పనిని ఆపే స్టాప్ బాత్, బొమ్మను నిలిపే ఫిక్సర్, కడిగే నీళ్లు అన్నీ ఒకే వేడిలో ఉండాలి. ఒక్కసారిగా తేడా వస్తే జెలటిన్ ముడుచుకుని సన్నటి పగుళ్ల వల పడుతుంది. మా బోరు నీళ్లు ఉప్పదనం ఎక్కువ, ఆరాక తెల్ల మరకలు మిగులుస్తాయి. చివరి కడుగుకు డిస్టిల్డ్ వాటరే వాడతాను.

ఫిక్సర్‌లోని హైపో అనే రసాయనం మిగిలిన వెండి లవణాలను కరిగిస్తుందని 1819లోనే జాన్ హెర్షెల్ కనిపెట్టాడు. అంటే వాడిన ఫిక్సర్‌లో వెండి ఉంటుంది. ఫ్లోరైడ్ నీళ్లతో తరాలు నడుములు వంగిపోయిన జిల్లా మాది, ఆ ఫిక్సర్‌ను మట్టిలో పోయడానికి నాకు చేతులు రావు. అందులో స్టీల్ ఊల్ (సన్నటి ఇనుప పీచు) వేసి ఉంచితే ఇనుము కరిగి, వెండి విడిపోయి అడుగున మట్టిలా చేరుతుంది.

రెండోసారి కడిగిన షీట్లను క్లిప్పులకు వేలాడదీశాను. నెగటివ్ కదా, వెలుగు పడ్డ రాయి నల్లగా ఉంది. నీడ మాత్రం తేటగా, ఆ చివర నుంచి ఈ చివర దాకా ఒకే తీరుగా వచ్చింది.