కొలతకు అందని రుచి

పాత టమాటా వంగడాల్లో పచ్చికాయను చూస్తే తొడిమ చుట్టూ ముదురాకుపచ్చ పట్టీ ఒకటి కనిపిస్తుంది. కింది భాగం లేతగా, పై భాగం చిక్కగా ఉంటుంది. పండేటప్పుడు కూడా ఈ తేడా పోదు. కింద ఎర్రబడినా తొడిమ దగ్గర పచ్చదనమో పసుపో మిగిలిపోతుంది. పెంచేవారికి ఇది పెద్ద చికాకు. ఏ కాయ కోతకు వచ్చిందో చూడగానే తేలదు, కోసి పెట్టెల్లో పేర్చాక చూపుకు ఆనదు. అందుకే కాయంతా ఒకే లేతాకుపచ్చతో పెరిగి, ఒక్కసారే ఎర్రబడే మొక్క దొరికేసరికి వంగడాలు రూపొందించేవారు దాన్ని వదల్లేదు. దాదాపు డెబ్బై ఏళ్ళపాటు ఆ లక్షణాన్ని ఒక వంగడం నుంచి మరో వంగడంలోకి ఎక్కిస్తూ వచ్చారు.

దాని వెనుక ఉన్న జన్యువు ఏదో 2012లో తేలింది. అమెరికాలో డేవిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, కార్నెల్ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు దాన్ని కనుగొన్నవారిలో ముఖ్యులు. కాయలో హరితరేణువులు ఎంత బాగా ఎదగాలో, ఎక్కడ ఎక్కువగా ఉండాలో నిర్ణయించే జన్యువు అది. ఒకే రంగులో పండే మొక్కల్లో అది చెడిపోయి ఉంది. పండులోని చక్కెరలో అధిక భాగం ఆకుల్లో తయారై కాయకు చేరుతుంది. అయితే పచ్చికాయ కూడా ఊరికే కూర్చోదు, ఎండ తగిలినప్పుడు తన వంతు చక్కెర తానూ తయారు చేసుకుంటుంది. ఆ పచ్చదనాన్ని పలచన చేసేసరికి పండులో చక్కెర తగ్గింది, ఎర్రరంగునిచ్చే లైకోపీన్ కూడా తగ్గింది. పని చేసే జన్యువును తిరిగి చేర్చి చూస్తే రెండూ పెరిగాయి. పైపై అందం కోసం లోపలి సారాన్ని వదులుకుంటున్నామని అన్నేళ్ళూ ఎవరికీ తెలియలేదు.

ఇందులో కుట్ర వెతకడం అనవసరం. మనిషి దేన్ని కొలవగలిగాడో దాన్నే పంటలో నిలబెట్టుకున్నాడని నా అభిప్రాయం. బరువుకు తక్కెడ ఉంది, రంగుకు కన్ను ఉంది. కాయ గట్టిదనానికి 1925లో మాగ్నెస్, టేలర్ అనే అమెరికన్ పరిశోధకులు ఒక పరికరం తయారు చేశారు. తొక్క తీసిన చోట చిన్న లోహపు కడ్డీని గుచ్చి, అది లోపలికి దిగడానికి ఎంత ఒత్తిడి కావాలో చూస్తారు. అదే పద్ధతి నేటికీ ఆపిల్ తోటల్లో వాడుకలో ఉంది. తీపికి రిఫ్రాక్టోమీటర్ వచ్చింది. గాజు పలక మీద ఒక చుక్క రసం వేస్తే కాంతి ఎంత వంగిందో చూసి బ్రిక్స్ అనే అంకె చెబుతుంది. నిజానికి ఆ అంకె చక్కెర ఒక్కదానిదే కాదు, రసంలో కరిగి ఉన్న ఆమ్లాలూ ఇతర పదార్థాలూ అందులో కలిసే ఉంటాయి. అయినా పని జరిగిపోతుంది. రుచి విషయానికి వచ్చేసరికి ఇలాంటి సాధనం ఏదీ లేదు. ఒక్కో పంటకాలంలో వేల మొక్కలను పరీక్షించాల్సిన మనిషి నాలుగు కాయలు కొరికేసరికే నాలుక అలసిపోతుంది.

రుచి అంటున్నాం గానీ, నాలుక చేసే పని అందులో కొద్దిపాటిదే. తీపి, పులుపు, చేదు, ఉప్పు వంటి కొన్నింటినే అది గుర్తిస్తుంది. పండును నమిలినప్పుడు వెలువడే ఆవిరి పదార్థాలు నోటి వెనుక నుంచి ముక్కులోకి ఎక్కుతాయి. మామిడికీ బొప్పాయికీ తేడా తెలిసేది అక్కడే. జలుబు చేసినప్పుడు తిండి చప్పగా ఉండడానికి కారణం కూడా ఇదే. టమాటాలో ఇలాంటి పదార్థాలు 400కు పైగా గుర్తించారు, వాటిలో మనకు రుచిగా తెలిసేవి ఇరవై ముప్పైకి మించవు. పరిమాణం చూస్తే అవి దాదాపు ఏమీ లేనట్టే. బీటా అయోనోన్ అనే పదార్థం నీటిలో వంద కోట్ల భాగాలకు ఒక భాగం కూడా లేకపోయినా చాలామంది ముక్కు పసిగడుతుంది. తక్కెడకూ రిఫ్రాక్టోమీటర్‌కూ ఇలాంటిది అందే ప్రశ్నే లేదు.

ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో హ్యారీ క్లీ బృందం ఇలాంటి పదార్థాలను కొలిచే పనిని ఏళ్ళ తరబడి ఓపికగా చేసింది. వారు ఇతర దేశాల శాస్త్రవేత్తలతో కలిసి 2017లో ప్రచురించిన పరిశోధనలో ఆధునిక వంగడాలు, పాతకాలపు వంగడాలు, అడవి రకాలు కలిపి 398 రకాల టమాటా జన్యుక్రమాలు ఉన్నాయి. వాటిలో సుమారు వంద రకాలను మామూలు మనుషుల చేత తినిపించి, ఏది ఎంత నచ్చిందో రాయించుకున్నారు. అదే కాయల్లోని రసాయనాలను విడిగా కొలిచారు. రెండింటినీ పక్కపక్కన పెట్టినప్పుడు రుచికి దోహదం చేసే 13 సువాసన పదార్థాలు ఆధునిక వంగడాల్లో బాగా తగ్గినట్టు తేలింది. వాటిని ఎవరూ కావాలని తీసివేయలేదు. పట్టించుకోనందువల్ల అవి కొంచెం కొంచెంగా జారిపోయాయి.

కాయ పరిమాణం సంగతి కాస్త వేరు. కాయ పెద్దదయ్యే కొద్దీ చక్కెర పలచబడుతుంది, ఎందుకంటే మొక్క తయారు చేయగల చక్కెరకు ఒక హద్దుంది. పెద్ద కాయనిచ్చే జన్యురూపాలను ఎంచుకున్నప్పుడల్లా తీపి తగ్గింది. మరి తీపిని వెనక్కి తేవాలంటే కాయను చిన్నది చేసుకోవాలి, దానికి పెంచేవారు ఒప్పుకోరు. సువాసన పదార్థాలకు ఈ ఇబ్బంది లేదు. అంత తక్కువ మోతాదులో ఉండేవాటిని రెట్టింపు చేసినా మొక్కకు పెద్ద ఖర్చేమీ కాదు. పైగా ఇదే విశ్వవిద్యాలయానికి చెందిన లిండా బార్టోషుక్ మరో చిత్రమైన సంగతి చూపించారు. కొన్ని సువాసనలు చక్కెర ఏమాత్రం పెరగకుండానే పండు మరింత తియ్యగా ఉన్నట్టు మనకు అనిపింపజేస్తాయి. అంటే, కాయ బరువు తగ్గకుండా తీపి పెంచే దారి ముక్కు గుండా ఉంది. ఈ రంగంలో నాకు అన్నిటికన్నా నచ్చిన ఫలితం ఇదే.

ఇక పండడం సంగతి. 1901లో రష్యాలో దిమిత్రీ నెల్యుబోవ్ తన ప్రయోగశాలలో బఠానీ మొలకలు వంకరగా పెరగడానికి దీపాల గ్యాసులోని ఇథిలీన్ కారణమని కనిపెట్టాడు. పండే ఆపిల్ తానే ఇథిలీన్‌ను విడుదల చేస్తుందని 1934లో రిచర్డ్ గేన్ నిరూపించాడు. అప్పటి నుంచి పండ్ల నిల్వ విద్య చాలావరకు ఈ ఒక్క వాయువు చుట్టూనే తిరిగింది. అరటి, మామిడి, టమాటా, ఆపిల్ వంటివి కోశాక కూడా ఇథిలీన్ ప్రభావంతో పండుతాయి. ద్రాక్ష, నారింజ, స్ట్రాబెర్రీ అలా పండవు, కోసిననాటి తీపే వాటి తీపి. మొదటి జాతి పండ్లు పండడాన్ని ఆపడానికి ఆక్సిజన్‌ను 1 నుంచి 3 శాతానికి తగ్గించిన చల్లని గదులు వచ్చాయి. ఆ తర్వాత 1990లలో నార్త్ కరోలినాలో ఎడ్వర్డ్ సిస్లర్, సిల్వియా బ్లాంకెన్‌షిప్ కనుగొన్న ఒక వాయువు వచ్చింది. ఇథిలీన్ వచ్చి కూర్చోవలసిన చోట ముందుగానే ఇది కూర్చుండిపోతుంది. తాళంలో మరో తాళంచెవి విరిగి ఇరుక్కున్నట్టే, అసలు తాళంచెవి వచ్చినా తిరగదు. ఆపిల్ నెలల తరబడి కరకరలాడుతుంది. అయితే ఆపిల్‌కు పరిమళమిచ్చే ఎస్టర్లు తయారు కావాలన్నా ఇథిలీన్ సంకేతమే అందాలి. గట్టిదనం నిలిచింది, వాసన సన్నగిల్లింది. గట్టిదనానికి పరికరం ఉంది కాబట్టి గెలుపు మాత్రమే లెక్కకెక్కింది.

కరకరలాడడం, మెత్తబడడం అన్నవి కూడా పైకి కనిపించినంత సులువైన విషయాలు కావు. కొరికినప్పుడు కణాలు పగిలి రసం చిమ్మితే పండు నవనవలాడినట్టు అనిపిస్తుంది. కణాల్ని అతికించే పెక్టిన్ జిగురు వదులైపోతే అవి పగలకుండా ఒకదానిమీద ఒకటి జారిపోతాయి. రసం లోపలే ఉండిపోతుంది, నోటికి పిండి నమిలినట్టు ఉంటుంది. ఈ పెక్టిన్‌ను కరిగించే ఎంజైములలో ఒకదాన్ని అణచివేసి, 1994లో అమెరికాలో కాల్‌జీన్ అనే సంస్థ ఫ్లేవర్ సేవర్ టమాటాను మార్కెట్‌లోకి తెచ్చింది. జన్యుమార్పిడి చేసిన మొదటి ఆహార పంట అదే. కొన్నేళ్ళకే కనుమరుగైంది. ఆ ఎంజైమును అణచినా కాయ మెత్తబడడం పెద్దగా ఆగలేదు, ఎంజైము ఎంపికే సరిగా కుదరలేదు. 2016లో బ్రిటన్‌లోని నాటింగ్‌హామ్ బృందం పెక్టేట్ లయేజ్ అనే మరో ఎంజైమును అణచి చూసింది. ఈసారి కాయ గట్టిగా నిలిచింది. రంగు, సువాసన, తీపి యథాతథంగా ఉన్నాయి. పండడం మొత్తాన్ని ఆపకుండా మెత్తబడడాన్ని మాత్రమే ఆపవచ్చని దీనితో రుజువైంది.

కోత తర్వాత చలిగదిలో జరిగే నష్టం కూడా ఈ మధ్యే అర్థమైంది. టమాటాను 5 డిగ్రీల సెల్సియస్ దగ్గర వారం రోజులు ఉంచితే చక్కెరలు, ఆమ్లాలు పెద్దగా మారవు, సువాసనలు మాత్రం పడిపోతాయి. ఆ తర్వాత బయట పెట్టినా పూర్తిగా తేరుకోవు. చలికి డీఎన్ఏ మీద మిథైల్ గుర్తులు పడి, సువాసనను తయారు చేసే జన్యువులు మూగబోతాయని 2016లో తెలిసింది. బ్రిక్స్ అంకె మాత్రం అలాగే ఉంటుంది.

జన్యువుల మాట ఎంత చెప్పుకున్నా, నాణ్యతలో సగం నేల, నీరు నిర్ణయించేవే. కాల్షియం ఇందుకు మంచి ఉదాహరణ. టమాటా కాయ పూత రాలిన కొన దగ్గర నల్లబడి కుళ్ళడం, ఆపిల్ కండలో చేదు మచ్చలు పడడం కాల్షియం లోటు వల్లే. విచిత్రం ఏమిటంటే చాలాసార్లు నేలలో కాల్షియం పుష్కలంగా ఉంటుంది. అది మొక్కలో నీటితో పాటే పైకి వెళ్తుంది. నీటిని ఎక్కువగా ఆవిరి చేసేవి ఆకులు కాబట్టి కాల్షియం కూడా వాటికే దక్కుతుంది, కాయకు అరకొరే అందుతుంది. నత్రజని ఎక్కువ వేసి ఆకును గుబురుగా పెంచితే కాయ వాటా ఇంకా తగ్గుతుంది. నీరు ఒకరోజు ముంచెత్తి నాలుగు రోజులు ఎండగట్టినా అంతే. ఇలాంటి చోట నేలలో మరింత సున్నం చల్లడం కన్నా నీటిని క్రమంగా ఇవ్వడం మేలు. ఆపిల్ విషయంలో కాల్షియం ద్రావణాన్ని నేరుగా కాయలమీదే పిచికారీ చేస్తారు.

నీటిని కొంచెం తగ్గించి ఇస్తే టమాటా, ద్రాక్ష తియ్యబడతాయి. దిగుబడి కూడా తగ్గుతుంది. ఈ బేరం దిగుబడికీ పోషకాలకూ మధ్య కూడా ఉన్నట్టుంది. టెక్సాస్ విశ్వవిద్యాలయానికి చెందిన డొనాల్డ్ డేవిస్ బృందం అమెరికా ప్రభుత్వం 1950లోనూ 1999లోనూ నమోదు చేసిన పోషకాల పట్టికలను పోల్చి 2004లో ఫలితాలు వెల్లడించింది. 43 తోటపంటల్లో పరిశీలించిన 13 పోషకాలలో ఆరింటి సగటు తగ్గింది. మాంసకృత్తులు 6 శాతం, రైబోఫ్లేవిన్ అనే విటమిన్ 38 శాతం పడిపోయాయి. దీనికి అలసిన నేలను తిట్టేవారే ఎక్కువ. డేవిస్ మాత్రం దిగుబడి కోసం మార్చిన వంగడాల వైపే వేలు చూపించాడు. నాకూ ఆ వివరణే సబబుగా తోస్తోంది.

తగ్గినవే కాదు, పెరిగినవీ ఉన్నాయి. 1970లో కెనడాలోని ఒక పొలంలో నారింజ రంగు కాలీఫ్లవర్ ఒకటి దానంతటదే పుట్టింది. దాని రంగు, మన శరీరంలో విటమిన్ ఎగా మారే బీటా కెరోటిన్‌ది. 2006లో జన్యువును వేరుచేసి చూస్తే, అది కెరోటిన్‌ను ఎక్కువగా తయారు చేయించడం లేదు, తయారైనదాన్ని దాచుకునే చోటును కణంలో కల్పిస్తోంది. తెల్లని కాలీఫ్లవర్‌కు లేనిది ఆ చోటే. దోసకాయ కథ ఇంకో రకం. చేదు పదార్థాన్ని ఆకులో ఒక జన్యువు, కాయలో మరో జన్యువు అదుపు చేస్తాయని 2014లో చైనా పరిశోధకులు తేల్చారు. ఆకును చేదుగానే ఉంచి పురుగును దూరం పెడుతూ, కాయను చేదు లేకుండా పండించే వీలు ఈ విడివిడి అదుపు వల్లే కలిగింది.

కాయ పెరిగితే తీపి తగ్గుతుందన్న పాత లెక్క కూడా 2024లో కాస్త సడలింది. చైనాకు చెందిన సాన్‌వెన్ హువాంగ్ బృందం టమాటాలో చక్కెరకు కళ్ళెం వేస్తున్న రెండు జన్యువులను కనుగొని, జన్యుసవరణతో వాటిని పని చేయకుండా చేసింది. గ్లూకోజ్, ఫ్రక్టోజ్ 30 శాతం దాకా పెరిగాయి. కాయ బరువు గానీ దిగుబడి గానీ తగ్గలేదు. గింజలు మాత్రం తక్కువగా, తేలికగా వచ్చాయి, అయినా బాగానే మొలిచాయి.

పెంచేవారికి రుచిని బట్టి డబ్బు చెల్లించాలంటే ప్రతి కాయనూ పాడుచేయకుండా కొలవాలి. తీపి విషయంలో జపాన్ ఆ పని ఎప్పుడో మొదలుపెట్టింది. పరారుణ కాంతిని పండు గుండా పంపి, కోయకుండానే చక్కెర శాతం చెప్పే యంత్రాలు మూడు దశాబ్దాలకు పైగా అక్కడ పండ్లను వేరుచేస్తున్నాయి. సువాసన అంత సూక్ష్మ మోతాదులో ఉంటుంది కాబట్టి ఆ కాంతికి చిక్కదు. దాన్ని కొలవడానికి ఇప్పటికీ కాయను తరిగి, వెలువడిన ఆవిర్లను, వాటిని విడదీసి కొలిచే గ్యాస్ క్రొమటోగ్రాఫ్ అనే యంత్రానికి ఎక్కించాలి. కొలిచిన కాయ మళ్ళీ బుట్టలోకి రాదు.